అరవై దాటాక బలం పెరుగుతుందా? పెరుగుతుంది, కానీ నడక ఒక్కదానితో కాదు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీకు అరవై ఒకటి, బరువు డెబ్బై రెండు కిలోలు. బ్యాంకు ఉద్యోగం ముగిసి ఏడాదిన్నర అయింది. ఐదేళ్లుగా రోజూ గంట నడుస్తున్నారు. అయినా మొన్న ఇంట్లో సత్యనారాయణ వ్రతం అయ్యాక పీట మీద నుంచి లేవడానికి మీ అబ్బాయి చేయి అందించవలసి వచ్చింది. రక్తపోటుకూ మధుమేహానికీ మాత్రలు వేసుకుంటున్నారు. మీ శ్రీమతికి యాభై ఆరు, మోకాళ్ల నొప్పులు. డిసెంబరులో ఇద్దరూ అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతామని మొక్కుకున్నారు. "ఈ వయసులో ఉన్నది కాపాడుకోవడమే గానీ కొత్తగా పెరిగేది ఏమైనా ఉంటుందా?" అని అడిగారు.

ఉంటుంది. ఇది మీకు ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదు. నా ఒంటి మీద చూశాను, మా పెరట్లో ఎనిమిదేళ్లుగా వ్యాయామం చేస్తున్న ఇరవై మందికి పైగా ఆడవాళ్లలో చూశాను.

నేను విజయనగరం జిల్లాలో ముప్పై ఒక్క ఏళ్లు ఉన్నత పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పనిచేశాను. మా వైపు ఆడపిల్లలు బరువులెత్తడం వింత కాదు. నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడ నుంచే మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలకు వెళ్లి పతకం తెచ్చింది. పక్క జిల్లా ఆమదాలవలస ప్రాంతం నుంచి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ వెళ్లింది. ఇంత దగ్గరగా చూస్తూ కూడా, బరువులు ఆ పిల్లలకు, నడక నాకు అని యాభై తొమ్మిదేళ్లు వచ్చేవరకు నమ్మాను. అప్పుడు తడి వాకిట్లో కాలు జారి మణికట్టు విరిగింది. ఎముకల సాంద్రత పరీక్షలో మైనస్ 2.1 అని వచ్చింది, అంటే ఎముక ఉండవలసినదానికన్నా పలచబడిందని. అప్పటికి నేనూ మీలాగే రోజూ గంట నడుస్తున్నదాన్నే.

నడక మంచిదే, మానవద్దు. గుండెకు, రక్తంలో చక్కెరకు, నిద్రకు, మనసుకు దాని మేలు దానికుంది. కానీ మీ శరీరం ఐదేళ్ల క్రితమే ఆ గంట నడకకు అలవాటు పడిపోయింది. అదే దారి, అదే వేగం, అదే బరువు. కండకు కొత్త పని ఏదీ దొరకలేదు. పైగా నడకలో మోకాలు కొంచెమే వంగుతుంది. పీట మీద నుంచి లేవాలంటే మోకాలూ తుంటీ పూర్తిగా వంగిన స్థితి నుంచి మొత్తం ఒంటి బరువును పైకి తేవాలి. ఐదేళ్లలో ఆ పని మీరు ఎన్నిసార్లు చేశారో ఆలోచించండి. భోజనం బల్ల మీద, పూజ కుర్చీలో, మరుగుదొడ్డి కూర్చునే రకం. మన తాతలు వ్యాయామం అనే పేరు పెట్టకుండానే రోజుకు ఇరవై ముప్పైసార్లు నేల మీద కూర్చుని లేచేవారు. మన ఇళ్లలో ఆ పని మాయమైంది, దానితోపాటే ఆ బలం కూడా.

కండ తగ్గడం ముప్పై ఏళ్లు దాటినప్పటి నుంచే మొదలవుతుంది. పదేళ్లకు మూడు నుంచి ఎనిమిది శాతం వరకు పోతుందని అంచనా, అరవై తర్వాత ఇంకా వేగంగా. బలం కండ కన్నా త్వరగా తగ్గుతుంది, చురుకుదనం బలం కన్నా త్వరగా తగ్గుతుంది. ఇదంతా వయసు చేసిన పని అనుకుంటాం. అందులో ఎంత వయసుది, ఎంత కదలకపోవడానిది అన్నది తేల్చి చూపిన ప్రయోగం ఒకటుంది. 1966లో అమెరికాలోని డాలస్‌లో ఇరవై ఏళ్ల కుర్రాళ్లు ఐదుగురిని మూడు వారాలు పూర్తిగా మంచం మీదే ఉంచి, వారి గుండె, ఊపిరి సామర్థ్యం ఎంత పడిపోయిందో కొలిచారు. ముప్పై ఏళ్ల తర్వాత, 1996లో, వాళ్లకు యాభై దాటాక మళ్లీ అవే కొలతలు తీశారు. ముప్పై ఏళ్ల వయసు చేసిన నష్టం కన్నా ఆ మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువని తేలింది. తర్వాత ఆరు నెలలు నడక, పరుగు, సైకిలు క్రమంగా పెంచుతూ చేయిస్తే, ముప్పై ఏళ్లలో పోయిన ఆ సామర్థ్యం తిరిగి వచ్చింది.

బలం సంగతికి వస్తే, 1990లో బోస్టన్‌లో వృద్ధుల ఆశ్రమంలో ఉన్న పదిమందికి ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తించారు. వాళ్ల సగటు వయసు తొంభై. తేలికపాటి బరువులు కావు, వాళ్లు ఎత్తగలిగిన గరిష్ఠ బరువులో 80 శాతం దాకా తీసుకెళ్లారు. చివరిదాకా చేసినవాళ్ల కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర లేకుండా నడిచారు. ఆ ప్రయోగంలో అందరూ మరచిపోయే ముక్క ఒకటుంది, నాకు అదే ముఖ్యం. ఆపేసిన నాలుగు వారాలకు ఆ బలంలో 32 శాతం పోయింది. తొంభైలో కూడా పెరుగుతుంది, తొంభైలో నిలవ ఉండదు. మీకు అరవై ఒకటే.

ఇక ఏం చేయాలి. మొదటి రోజు ఏ వ్యాయామమూ వద్దు, కొలత చాలు. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి వేయండి. చేతులు గుండెల మీద కట్టుకోండి. ముప్పై సెకన్లలో పూర్తిగా లేచి పూర్తిగా కూర్చోవడం ఎన్నిసార్లు చేయగలరో మీ శ్రీమతిని లెక్కపెట్టమనండి. అరవై నుంచి అరవై నాలుగేళ్ల మగవారు పద్నాలుగు కన్నా తక్కువ చేస్తే, ఆడవారు పన్నెండు కన్నా తక్కువ చేస్తే, సగటు కన్నా తక్కువ అని లెక్క. తర్వాత గోడ పక్కన ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడండి. బ్రెజిల్‌లో యాభై ఒకటి నుంచి డెబ్బై ఐదేళ్ల మధ్య వయసువారు 1,702 మందిని పరీక్షిస్తే ఐదుగురిలో ఒకరు ఆ పది సెకన్లు నిలవలేకపోయారు. తర్వాతి ఏడేళ్లలో ఆ నిలవలేనివారిలో మరణాలు గణనీయంగా ఎక్కువ. ఒంటికాలి మీద నిలబడితే ఆయుష్షు పెరుగుతుందని దీని అర్థం కాదు. లోపల ఏం జరుగుతోందో బయటికి చూపించే గుర్తు అది. ఈ రెండు అంకెలనూ తేదీ వేసి ఒక నోటుపుస్తకంలో రాయండి.

ఆ నోటుపుస్తకం గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, ఎందుకంటే పెరుగుదల అంతా అందులోనే ఉంది. ఇరవై ఏళ్ల పిల్లలకు పుస్తకం అక్కరలేదు, వారం వారం పెరుగుదల కంటికి కనిపిస్తుంది. మనకు అది నెలల్లో వస్తుంది. మంగళవారం పదిసార్లు చేసి, శుక్రవారం తొమ్మిదే వస్తే, అయిపోయింది, ఇంతే నా శక్తి అని మనసు తేల్చేస్తుంది. మార్చిలో ఆరే చేశానని పుస్తకం చూపిస్తుంది. మా పెరట్లో చేరినవారిలో మధ్యలో మానేసినవాళ్లు దాదాపు అందరూ రాయనివాళ్లే. తేదీ, ఏం చేశారు, ఎంత బరువు, ఎన్నిసార్లు, ఆ రాత్రి నిద్ర ఎలా పట్టింది, ఎక్కడైనా నొప్పి ఉందా. రెండు పంక్తులు చాలు.

వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక రోజు ఖాళీ ఉండేలా, నలభై నిమిషాలు. సోమ, బుధ, శుక్రవారాలు అనుకోండి. చేయవలసినవి ఐదు పనులే: కూర్చుని లేవడం, నేల మీది బరువు ఎత్తడం, నెట్టడం, లాగడం, మోయడం.

కూర్చుని లేవడం అంటే మన బస్కీలే. మీరు మాత్రం కుర్చీతో మొదలుపెట్టండి. పాదాలు భుజాలంత ఎడంగా, వేళ్లు కొద్దిగా బయటికి. పిరుదులు వెనక్కి పంపుతూ, మూడు లెక్కపెట్టేంత నెమ్మదిగా దిగండి. కుర్చీకి తగలగానే లేవండి, కూలబడవద్దు. దిగడం నెమ్మదిగా ఉండాలి, లేవడం చురుకుగా ఉండాలి. ఈ చురుకుదనం కావాలని సాధన చేయవలసిన విషయం. కాలు తట్టుకున్నప్పుడు రెండో కాలు ఎంత త్వరగా ముందుకు పడుతుందన్న దాని మీదే పడిపోవడమా, నిలదొక్కుకోవడమా అన్నది ఉంటుంది. ఎనిమిదేసి చొప్పున మూడు విడతలు, మధ్యలో రెండు నిమిషాల విరామం. ఇంకో రెండు మూడు చేయగలను అనిపించినప్పుడే విడత ఆపండి. ఒళ్లు వణికేదాకా చేయడం మన వయసులో లాభం కాదు, తర్వాతి రెండు రోజులు పాడవుతాయి.

పెంచే పద్ధతి ఇది. మూడు విడతల్లోనూ ఎనిమిది సులభమయ్యాక తొమ్మిది చేయండి, తర్వాత పది, అలా పన్నెండు వరకు. మూడు విడతలూ పన్నెండు వచ్చి, రెండు రోజులు వరుసగా నిలిస్తే, అప్పుడు కిలో బరువు గుండెలకు హత్తుకుని మళ్లీ ఎనిమిది నుంచి మొదలుపెట్టండి. లీటరు నీళ్లు అంటే కిలో, కనుక నీళ్ల సీసాలతోనే ఐదారు కిలోల వరకు వెళ్లవచ్చు. ఆ తర్వాత ఒక డంబెల్ కొనుక్కోండి. ఇంకొన్ని నెలలకు కుర్చీ ఎత్తు తగ్గించండి: కుర్చీ నుంచి ముక్కాలిపీటకు, అక్కడి నుంచి రెండు ఇటుకలంత ఎత్తుకు, చివరకు వ్రతం పీటకు. మీరు అడిగినది ఆ పీట గురించే కదా. అది ఆరు నెలల పని. ప్రతి నెలా నాలుగు వేళ్ల ఎత్తు తగ్గుతుంది.

మొదటి ఆరు, ఎనిమిది వారాల్లో బలం చాలా వేగంగా పెరిగినట్లు అనిపిస్తుంది. అది ఇంకా కండ కాదు, ఉన్న కండను వాడుకోవడం నరాలు తిరిగి నేర్చుకుంటున్నాయి. ఇక్కడే ప్రమాదం ఉంది. కండ కన్నా, దాన్ని ఎముకకు కట్టే స్నాయువు నెమ్మదిగా గట్టిపడుతుంది. కండ ఒప్పుకుంటున్నదని బరువు పెంచుకుంటూ పోతే మూడో నెలలోనో నాలుగో నెలలోనో భుజమో, మడమో, మోచేయో పట్టేస్తుంది. నాకు నాలుగో నెలలో కుడి భుజం పట్టేసింది. వారానికి కిలో చొప్పున పెంచాను. తల దువ్వుకోవడానికి చేయి లేవక పది వారాలు గడిపాను. అప్పటి నుంచి నా నియమం: ఒక బరువు మీద కనీసం మూడు వారాలు ఉండాలి, ప్రతి నాలుగో వారం బరువు మార్చకుండా విడతలు సగానికి తగ్గించాలి. ఆ తేలిక వారాన్ని సోమరితనం అనుకోవద్దు. మన ఒంట్లో మరమ్మతు అప్పుడే జరుగుతుంది.

నేల మీది బరువు ఎత్తడానికి బకెట్‌ను మించిన సాధనం లేదు. ఐదు లీటర్ల నీళ్లతో మొదలుపెట్టండి. పాదాల మధ్య పెట్టుకుని, నడుము గుండ్రంగా వంచకుండా, తుంటి దగ్గర మడత పెట్టినట్లు వంగి, మడమలతో నేలను నెడుతూ లేవండి. పెంచాలనుకున్నప్పుడు ఒక చెంబు నీళ్లు ఎక్కువ పోసుకోవడమే. ఉత్తరాంధ్ర పల్లెల్లో సంగిడి రాళ్లెత్తే పోటీలు మీరు చూసి ఉంటే, ఆ యువకులు రాయిని ఎంత దగ్గరగా ఒంటికి ఆనించుకుని లేపుతారో గుర్తు తెచ్చుకోండి. బరువు ఒంటికి దూరమైనకొద్దీ నడుము మీద భారం పెరుగుతుంది. మీ ఇంటికి వచ్చే ఇరవై లీటర్ల మంచినీళ్ల డబ్బాను ఎవరి సాయమూ లేకుండా నేల నుంచి బల్ల మీదికి ఎత్తగలగడం, అది మీ ఏడాది లక్ష్యం.

నెట్టడం అంటే దండీలు. ముందు గోడకు, తర్వాత వంటగట్టుకు, తర్వాత మంచం అంచుకు. లాగడానికి, కిటికీ చువ్వకు కట్టిన రబ్బరు పట్టీ చాలు, చువ్వ గట్టిదో కాదో ముందు చూసుకోండి. మోయడానికి రెండు చేతుల్లో రెండు బకెట్లు పట్టుకుని, వెన్ను నిటారుగా, వరండాలో అటూ ఇటూ నిమిషం నడవాలి. పిడికిలి పట్టు, భుజాలు, నడుము, ఊపిరి అన్నీ ఒక్కసారే పనిచేస్తాయి. ఒంటికాలి నిలకడ పళ్లు తోముకునేటప్పుడు చేయండి, సగం సమయం ఒక కాలు, సగం సమయం ఇంకో కాలు, పక్కన పట్టుకోవడానికి గట్టు ఉండాలి.

నడకను కూడా కొంచెం మార్చాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, దానితోపాటు కనీసం రెండు రోజులు కండలకు బలాన్నిచ్చే వ్యాయామం. అరవై ఐదు దాటినవారికి నిలకడ సాధన మూడు రోజులు అదనం. మన దగ్గర మొదటి ముక్క అందరికీ చేరింది, రెండోది చేరలేదు. మీ నడక ఎలాగూ ఏడు గంటలవుతోంది, దాన్ని వారానికి నాలుగు రోజులకు తగ్గించండి. అందులో ఒక రోజు, మూడు నిమిషాలు మాట తడబడేంత వేగంగా, మూడు నిమిషాలు మామూలుగా, ఇలా ఐదుసార్లు. నాడి లెక్కపెట్టుకోవద్దు. రక్తపోటుకు మీరు వేసుకునేవాటిలో బీటా బ్లాకర్ రకం, అంటే గుండె వేగాన్ని తగ్గించే మందు, ఉంటే నాడి పెరగవలసినంత పెరగదు, గరిష్ఠ నాడి కోసం 220లో వయసు తీసేసే లెక్క అసలే పనికిరాదు. మాటే కొలత. మామూలు నడకలో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి.

మీ మాత్రల గురించి రెండు మాటలు, వీటిని తేలిగ్గా తీసుకోవద్దు. మధుమేహానికి గ్లిమిపిరైడ్ లాంటి మందు గానీ ఇన్సులిన్ గానీ వాడుతుంటే, వ్యాయామం పెరిగినప్పుడు చక్కెర మరీ పడిపోవచ్చు. ఆ పడిపోవడం ఒక్కోసారి రాత్రి నిద్రలో కూడా జరుగుతుంది. మొదలుపెట్టే ముందే మీ వైద్యుడికి చెప్పండి, మోతాదు మార్చవలసి రావచ్చు. జేబులో బెల్లం ముక్కో గ్లూకోజు పొట్లమో ఉంచుకోండి, ఖాళీ కడుపుతో బరువులెత్తవద్దు. రక్తపోటు ఉన్నవారు ఊపిరి బిగబట్టి బరువెత్తకూడదు, లేచేటప్పుడు ఊపిరి వదలాలి. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, కళ్లు తిరగడం, ఇదివరకు లేని ఆయాసం ఉంటే ఆ రోజు ఆపడం కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మీలాగా మధుమేహం, రక్తపోటు రెండూ ఉన్నవారు గుండె పరీక్ష ఒకసారి చేయించుకుని మొదలుపెట్టడం మంచిది.

తిండి దగ్గర నేను గట్టిగానే చెబుతాను. మనవాళ్లు వ్యాయామం చేసి కూడా పెరగకపోవడానికి కారణం చాలాసార్లు కంచంలో ఉంటుంది. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవారికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అంటే మీకు అరవై గ్రాములు. వయసు పైబడినవారికి ఒకటి నుంచి 1.2 గ్రాములు ఉండాలని ఈ విషయం మీద పనిచేసే నిపుణులు చాలామంది అంటారు, ఎందుకంటే అదే మోతాదుకు మన కండ ఇదివరకంతగా స్పందించదు. అంటే డెబ్బై నుంచి ఎనభై ఐదు గ్రాముల దాకా. ఇప్పుడు మీ రోజును లెక్కవేయండి. ఉదయం మూడు ఇడ్లీల్లో ఐదారు గ్రాములు. మధ్యాహ్నం అన్నం, పలచని చారు, కూర, కొంచెం పెరుగు, అన్నీ కలిపి పదిహేను. రాత్రి రెండు చపాతీలు, కూర, పది లోపు. సగం కూడా రాలేదు.

ఇడ్లీ మానమని అనను. వారంలో మూడు రోజులు ఇడ్లీ బదులు పెసరట్టు వేయించుకోండి, గుప్పెడున్నర పెసలు పడే రెండు అట్లలో పదిహేను గ్రాములకు తగ్గకుండా వస్తుంది. గుడ్డు తింటే రెండు గుడ్లు, పన్నెండు గ్రాములు. మధ్యాహ్నం ముద్దపప్పు గరిటెన్నర వేసుకుని అన్నం ఒక గరిటె తగ్గించండి, గడ్డపెరుగు పెద్ద గిన్నెడు. చేపలు తినేవారైతే వారానికి మూడుసార్లు. సాయంత్రం ఉడికించిన శనగలో, వేరుశనగ గుళ్లో. ముఖ్యంగా ఉదయం పూట లోటు పూడ్చండి, మొత్తం రాత్రికి తోయవద్దు. మూత్రపిండాల సమస్య ఉన్నవారు మాత్రం ఇదంతా వైద్యుడిని అడిగాకే. ఇంకో మాట, వృద్ధాశ్రమంలో వంద మందితో 1994లో చేసిన మరో ప్రయోగంలో వ్యాయామం లేకుండా పోషక పానీయం ఒక్కటే ఇచ్చినవారికి బలం ఏమీ పెరగలేదు. డబ్బాల్లో అమ్మే పొడులు కొనే ముందు ఇది గుర్తుంచుకోండి.

మీ శ్రీమతి సంగతి. మోకాళ్లు నొప్పిగా ఉంటే కదలకుండా ఉండాలన్న మాట ఆమెకు ఎవరు చెప్పినా, అది పాతకాలపు మాట. మోకాలి అరుగుదలకు తొడ కండ గట్టిపడటమే మొదటి చికిత్స. ఎత్తైన కుర్చీ నుంచి, కావాలంటే చేతుల ఆసరాతో మొదలుపెట్టమనండి. నొప్పికి పదిలో ఎంత అని తనే మార్కు వేసుకోవాలి. మూడు లోపు ఉండి, మరునాటికి మామూలు స్థాయికి తగ్గితే అది తప్పు కాదు. మరునాడు ఎక్కువైతే, లేదా మోకాలు వాస్తే, ఆ వారం సగానికి తగ్గించాలి. రుతుక్రమం ఆగాక ఎముక వేగంగా పలచబడుతుంది కనుక ఆమెకు బరువులు మీకన్నా ఎక్కువ అవసరం. ఆస్ట్రేలియాలో ఎముక బలహీనపడిన 101 మంది స్త్రీలను రెండు జట్లు చేసి, ఒక జట్టుతో వారానికి రెండు రోజులు, అరగంట చొప్పున, ఎనిమిది నెలలు పెద్ద బరువులెత్తించారు. వాళ్ల నడుము ఎముక సాంద్రత 2.9 శాతం పెరిగింది. ఇంట్లో తేలికపాటి వ్యాయామం చేసిన రెండో జట్టుకు 1.2 శాతం తగ్గింది. ఆ బరువులు శిక్షకుల కళ్ల ముందు, నెలల తరబడి పెంచుతూ ఎత్తినవి, రేపే ఇంట్లో చేసేవి కావు. కానీ ఎముక పలచగా ఉందని ఇంట్లోవాళ్లు ఆమెను బిందె ముట్టుకోనివ్వకపోవడం ప్రేమే అయినా హాని చేస్తుంది. నా సంగతి చెబితే, నాలుగేళ్ల తర్వాత పరీక్షలో మైనస్ 2.1 మైనస్ 1.7 అయింది. ఇప్పుడు నాకు అరవై ఏడు, చెరో చేతిలో పదిహేను కిలోలతో పెరడు చుట్టి వస్తాను.

మధ్యలో తప్పకుండా ఆగిపోతారు. జ్వరం వస్తుంది, ఇంట్లో పెళ్లి వస్తుంది, మనవడి పుట్టినరోజుకు బెంగళూరు వెళతారు. రెండు వారాలు ఆగితే, ఆపిన చోట నుంచి మొదలుపెట్టవద్దు. పుస్తకంలో చివరి అంకె చూసి దానిలో ముప్పావు వంతుతో మొదలుపెట్టండి. ఒకసారి కట్టిన కండ రెండోసారి త్వరగా వస్తుంది, మూడు వారాల్లో పాత అంకె దగ్గరికి చేరతారు. వైరల్ జ్వరం తగ్గాక మాత్రం పూర్తిగా వారం రోజులు నడకే. మే నెల ఎండల్లో ఉదయం ఆరున్నర లోపే ముగించండి.

ఇక కొండ. అలిపిరి దారిలో 3,550 మెట్లు. ఒక అంతస్తుకు ఇరవై మెట్లు అనుకుంటే నూట డెబ్బై ఏడు అంతస్తులు. మొదట్లో గాలిగోపురం దాకా నిటారుగా ఉంటుంది, తర్వాత చాలా దూరం తేలిక, చివర్లో మోకాళ్ల పర్వతం మళ్లీ పరీక్ష పెడుతుంది, అదీ కాళ్లు అలసిపోయాక. మీకు ఏడు నెలలున్నాయి. మొదటి రెండు నెలలు మెట్ల జోలికి వెళ్లవద్దు, కుర్చీ పని చాలు. జూలై నుంచి వారానికి రెండు రోజులు మీ అపార్ట్‌మెంటు మెట్లు ఎక్కండి. పాదం మొత్తం మెట్టు మీద ఆనించి, మడమతో నెట్టి లేవాలి, కమ్మీ పట్టుకుని చేతులతో లాక్కోవద్దు. ఐదంతస్తులతో మొదలుపెట్టి రెండు వారాలకు ఐదు చొప్పున పెంచండి. తేలిక వారాలు పోను నవంబరు చివరికి నలభై దగ్గరికి వస్తారు. విరామాలతో నలభై అంతస్తులు ఎక్కి, మరునాడు మామూలుగా తిరగగలిగితే, తెల్లవారుజామున బయలుదేరి ఐదారు గంటల్లో నిదానంగా కొండ చేరగలరు. మీ శ్రీమతి నవంబరు నాటికి ఇరవై అంతస్తుల దగ్గరే ఉంటే ఆమెను 2,388 మెట్ల శ్రీవారిమెట్టు దారికి కూడా తొందరపెట్టవద్దు, అది పొట్టిదే గానీ నిటారు. వచ్చే ఏడాది ఎక్కుతుంది. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవారు నడక దారిన రావద్దని దేవస్థానమే చెబుతుంది, అందుకే మీ గుండె పరీక్ష ఫలితం చూడకుండా మొక్కు తేదీ ఖాయం చేయకండి.

దిగేటప్పుడు బస్సులో దిగండి. ఎక్కడం ఊపిరికి కష్టం, దిగడం మోకాలికి కష్టం. మెట్టు దిగిన ప్రతిసారీ తొడ కండ సాగుతూ బరువు ఆపాలి. ఎంత సాధన ఉన్నా మూడున్నర వేల మెట్లు ఎక్కిన రోజే దిగితే వారం రోజులు నడవలేరు. ఎక్కి వస్తామన్నది మీ మొక్కు, దిగి వస్తామని మొక్కుకోలేదు కదా.

మీ కుర్చీ లెక్క ఎంత వచ్చిందో, మాత్రల పేర్లు ఏమిటో, మీ శ్రీమతికి ఎముకల పరీక్ష ఎప్పుడైనా చేయించారో ఇక్కడే రాయండి. అంకె చూశాక మొదటి నాలుగు వారాల పట్టిక రాసి పెడతాను.